మలుగుచేపల వరసలో నీలం పుస్తకం

సోమవారం పొద్దున లైబ్రరీలో వరసలు సర్దుతుంటే ఆ పుస్తకం కంటబడ్డప్పుడు విబెకె ముందు నవ్వుకుంది. పాముల్లాంటి మలుగుచేపలు పట్టే బుట్టలు ఎలా అల్లాలో చెప్పే పుస్తకానికీ, ఏ కాలంలో ఏ వల వెయ్యాలో చెప్పే పుస్తకానికీ నడుమ, పిలవని పేరంటానికి వచ్చిన మనిషిలా ఒక నీలం అట్ట పుస్తకం ఒదిగి నిలబడి ఉంది. మతిమరుపు జబ్బు గురించిన పుస్తకం. వెన్ను మీద అరవై ఒకటి అని ఉంది, అంటే వైద్యం. చేపలది అరవై మూడు.

ఎవరో పాపం మంచితనానికి పోయి సర్దిపెట్టి ఉంటారు అనుకుంది. హోల్మ్‌విగ్ ఊరి జనంతో తంటా అదే. చదివిన పుస్తకం బల్ల మీద వదిలేసి వెళ్ళండి, మేం సర్దుకుంటాం అని గోడకు రాసిపెట్టినా వినరు. తీసిన వస్తువు తీసిన చోట పెట్టకపోతే అమ్మ చెవి మెలేస్తుందని భయపడుతూ పెరిగినవాళ్ళు కదా, ఏదో ఒక సందులోకి తోసి చేతులు దులుపుకుని పోతారు. అలా తోసిన పుస్తకం ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. కంప్యూటరు ఉందంటుంది, వెతికే చెయ్యి లేదంటుంది. ఇక దాన్ని పట్టుకోవడం తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లను వెతుక్కోవడమే.

విబెకె దాన్ని తల పట్టి లాగలేదు. అలా లాగితే వెన్ను ఊడుతుంది. ఇరుపక్కల పుస్తకాలనూ వేళ్ళతో కాస్త లోపలికి నెట్టి, నడుము దొరకబుచ్చుకుని మెల్లగా తీసింది. కిటికీ పక్కన, కాఫీ మిషనుకు ఎదురుగా ఉన్న వైద్యం వరస దగ్గరకు తీసుకెళ్ళింది. దాని తోబుట్టువుల మధ్య దాని మందమంత సందు దాని కోసమే కాచుకుని ఉంది. దూర్చి, అన్నీ అంచుకు సమంగా ఉన్నాయో లేదో అరచేత్తో ఒకసారి నిమిరి చూసి, పుస్తకాల బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున నీలం పుస్తకం మళ్ళీ మలుగుచేపల దగ్గరే ఉంది.

ఈసారి నవ్వు రాలేదు. బండి అంచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నిన్న తీశాను. తీసి అక్కడ పెట్టాను. పెట్టానా? పెడదామనుకుని చేత్తో పట్టుకుని తిరిగి, మళ్ళీ ఇక్కడే దూర్చానా? ఎంత తవ్వినా సరిగ్గా గుర్తుకు రాలేదు. ఏళ్ళ తరబడి చేసే పనిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు గనక, నిన్న పీల్చిన ఊపిరి ఎవరికైనా గుర్తుంటుందా? పుస్తకం అట్ట మీద ఒక ముసలి చెయ్యి, చేతిలో దారప్పోగు. అది చూస్తుంటే వాళ్ళమ్మ మెదిలింది. ఆవిడ కూడా మొదట ఇలాగే. ఒకనాడు చెప్పుల జత రొట్టెల పొయ్యిలో పెట్టి, దొంగలెత్తుకుపోయారని ఇంటిల్లిపాదినీ నిలదీసింది. అప్పటికి ఆవిడకు ఇప్పటి విబెకె వయసే.

చుట్టూ చూసి, పుస్తకాన్ని పొట్టకు ఆనించుకుని, దాని చోటికి చేర్చి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ చేదెత్తిపోయింది. గిన్నె మూత తీసి చూస్తే పొడి రెట్టింపు ఉంది. తనే రెండుసార్లు వేసిందన్నమాట. కిటికీ దగ్గర కూర్చుని మొగుడు థోర్కిల్ ఆ చేదుని మారుమాట లేకుండా తాగాడు. నలభై ఏళ్ళు సముద్రపు పాయలో మలుగుచేపలు పట్టిన మనిషి, అతనికి మాటలెప్పుడూ తక్కువే.

"చేదుగా లేదూ?" అంది విబెకె.

"కాఫీ అంటే చేదే కదా."

"నేనే రెండుసార్లు వేశాను కాబోలు."

థోర్కిల్ కప్పులోకి చూస్తూ, "అయ్యుంటుంది," అన్నాడు.

బుధవారం విబెకె లైబ్రరీలోకి అడుగు పెడుతూనే చేపల వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుంది. చూస్తే ఉంటుంది. చూడకపోతే లేనట్టే. చిన్నపిల్లలు కళ్ళు మూసుకుని ఎవరికీ కనపడమనుకుంటారే, అదీ ఇలాంటిదే. మధ్యాహ్నం దాకా ఆ ఒట్టు నిలిచింది. అప్పుడు ఎడెల్ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, తన చెవులు పోయినప్పట్నుంచి లోకమంతా చెవిటిదైందన్నట్టు మాట్లాడుతుంది.

"విబెకె! ఆ మతిమరుపు జబ్బు పుస్తకం ఒకటుందట కదా, అది కావాలి. మా చెల్లెలికి. రొట్టెలకని వెళ్ళి ఇంటిదారి మర్చిపోయింది. పరాయివాళ్ళు తెచ్చి దించారు."

కాఫీ మిషను దగ్గర పేపర్లు చదివే రేవు ముసలాళ్ళు తలలెత్తారు. వాళ్ళలో యెప్పెకి నోరు ఆగదు. "మీ చెల్లెలి తప్పు కాదులే ఎడెల్, ఆ రొట్టెల కొట్టే ఏడాదికో వీధికి మారుతోంది."

"నీ నోట్లో ఓ రొట్టె కుక్కుకో, ఊరికి కాస్త ప్రశాంతత," అంది ఎడెల్.

సిగ్నె ఆ లైబ్రరీకి పెద్ద. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఆర్హూస్ పట్నం నుంచి వచ్చింది. కంప్యూటరు చూసి, "ఉంది, ఎవరూ తీసుకెళ్ళలేదు. విబెకె, కాస్త తెచ్చిస్తావా?" అంది.

విబెకె వైద్యం వరస దగ్గరకు వెళ్ళింది. పుస్తకం లేదు. పన్ను ఊడిన చోటులా సందు మాత్రం ఉంది. దొరకలేదు, వెతికి రేపిస్తాను అని చెప్పెయ్యొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కానీ ఎడెల్ కర్రమీద బరువంతా వేసి నిలబడి ఉంది. గొంతు ఎంత పెద్దదైనా కళ్ళు మాత్రం బిక్కుబిక్కుమంటున్నాయి. ఆ కళ్ళకు రేపు అని చెప్పలేక, విబెకె తిన్నగా చేపల వరసకు నడిచి, చెయ్యి చాచి నీలం పుస్తకం తీసి తెచ్చింది. ఎక్కడా ఆగలేదు, వెతకలేదు. అదే పొరపాటైంది.

"అక్కడుందని నీకెలా తెలుసు?" అంది సిగ్నె.

"ఉంటుందేమో అనిపించింది."

"చేపల్లోనా?"

ఈలోగా ఎడెల్ సంచి అంతా తడిమి, "అయ్యో రాత! ఆరోగ్యకార్డు ఇంట్లో వదిలేసి వచ్చాను. మతిమరుపు మా ఇంటి సొత్తేమో ఖర్మ," అంది. ఆ ఊళ్ళో ఆ పసుప్పచ్చ కార్డు లేకపోతే పుస్తకమూ రాదు, మందూ రాదు. "రేపు పది గంటలకే వస్తాలే."

"నీ పేరు మీద తీసి పక్కన పెట్టించనా?" అంది సిగ్నె.

"ఎందుకు తల్లీ, దానికేమైనా కాళ్ళొస్తాయా?"

ఎడెల్ వెళ్ళాక సిగ్నె నీలం పుస్తకాన్ని విబెకె చేతికిచ్చి, వైద్యం వరస దాకా వెంట నడిచింది. అది ఎక్కడ దూరుస్తుందో పక్కన నిలబడి చూసింది. బడిలో మొదటి అక్షరం దిద్దే పిల్లని చూసినట్టు చూసింది. యెప్పె పేపరు పైనుంచి చూశాడు. విబెకె వేళ్ళు తగిలి పక్క పుస్తకం కాస్త ముందుకు జరిగింది. దాన్ని సర్దే ధైర్యం లేక అలాగే వదిలేసింది.

తర్వాత వెనక గదిలో సిగ్నె తలుపు దగ్గరగా వేసింది. "కోపంతో అనడం లేదు విబెకె. పోయినవారం నాకు ఇంకోటి దొరికింది. మనిషికి తెలివి తప్పితే ఆస్తి వ్యవహారాలు ఎవరు చూడాలో ముందే రాసిపెట్టుకునే కాగితాల గురించిన పుస్తకం. అదీ చేపల్లోనే. అప్పుడు నీతో అనలేదు."

"నేను పెట్టలేదు," అంది విబెకె. తన గొంతు తనకే నమ్మబుద్ధి కాలేదు.

"పెట్టినట్టు గుర్తు లేదంటావా?"

ఆ రెండు మాటలకూ మధ్య ఎంత దూరముందో విబెకెకి అప్పుడే తెలిసింది.

"కొన్నాళ్ళు బండి నేను చూసుకుంటాను," అంది సిగ్నె మెత్తగా. ఆ మెత్తదనమే ఎక్కువ కోసింది. "నువ్వు పిల్లల పుస్తకాలకు అట్టలెయ్యి. ఒకసారి డాక్టరుకి చూపించుకో. మునిసిపాలిటీకి ఇప్పుడే ఏమీ రాయనులే."

ఆ సాయంత్రం విబెకె బంగాళాదుంపలు చెక్కుతూ వరస అప్పజెప్పుకుంది. పదితో మొదలు మనిషి ఆలోచనలు. ఇరవై దేవుడు. ముప్పై ఊరు, చట్టం, బడి. నలభై దేశాలు. యాభై ఆకాశం, రాళ్ళు, చెట్లు. అరవైలో చేతిపనులు, అందులోనే ఒంటి జబ్బులు, యంత్రాలు, పొలం, చేపలు, వంటిల్లు. డెబ్బై ఆటా పాటా. ఎనభై కథలు. తొంభై జరిగిపోయిన కాలం, బతికిపోయిన మనుషులు. పుట్టినప్పట్నుంచి లోకంలో ఎవడు ఏది కనిపెట్టినా, ఏ బాధ పడినా, దానికి ఆ వరసలో ఒక చోటుంది. ఇన్నేళ్ళూ ఆ వరస ఇంటి గోడల్లా ఆమె చుట్టూ నిలబడి ఉంది. ఈ రోజు ఒక్కో అంకె పలుకుతుంటే, గోడ మీద చెయ్యి వేసి ఉందా లేదా అని తడిమినట్టుంది. ఒక్కటి తప్పితే? ఆ ఒక్కటీ ఎప్పుడు తప్పుతుంది?

"ఏంటా లెక్కలు?" అన్నాడు థోర్కిల్.

"ఊరికే."

వెన్న కోసం ఫ్రిజ్ తెరిచింది. వెన్న డబ్బా పక్కన ఇంటి తాళంచెవులు. చల్లగా, మంచు పట్టి.

"థోర్కిల్, ఇవి ఇక్కడెవరు పెట్టారు?"

అతను తలెత్తలేదు. "నువ్వే పెట్టుంటావు," అన్నాడు.

విబెకె తాళంచెవులు గుప్పిట్లో బిగించి వంటింట్లో అలాగే నిలబడిపోయింది. చలి చేతిలోంచి భుజం దాకా పాకింది. డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. వెళ్తే చెప్పేస్తారు. వెళ్ళకపోతే కనీసం చెప్పరు.

గురువారం థోర్కిల్ కంటే ముందే లేచి, బజారు పనుందని చెప్పి బయటపడింది. లైబ్రరీలో పనిచేసేవాళ్ళు పదింటికి గాని రారు. కానీ తలుపు ఏడింటి నుంచే, కార్డు పెట్టి నాలుగంకెలు నొక్కిన ఎవరికైనా తెరుచుకుంటుంది. ఆ ఊరి నమ్మకం అలాంటిది. దీపాలు వాటంతటవే వెలిగాయి. తిన్నగా వైద్యం వరసకు వెళ్ళింది. నీలం పుస్తకం ఉంది. నిన్న ముందుకు జరిగిన పక్క పుస్తకం కూడా అలాగే ఉంది. తను పెట్టింది, సాక్షి ఉంది, పుస్తకం ఉంది. ఇక ఇక్కడే కూర్చుంటాను, దీనికి కాళ్ళొస్తాయో నా చేతులే మోస్తాయో తేలిపోవాలి అనుకుంది. పిల్లల మూలలో పొట్టి అలమార వెనక, పిల్లలు కూర్చునే ముక్కాలి పీట మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

బయట గాజు తలుపు దగ్గర ఎవరో అంకెలు నొక్కారు. ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఎరుపే. ఆ మనిషి చేతి తొడుగు పీకి, అరచేతిని దీపం కిందకు పెట్టి చూసుకుని, ఒక్కో అంకె నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. లోపలికి వచ్చింది థోర్కిల్.

పొద్దున్నే రేవు దాకా నడిచొస్తానని వెళ్ళే మనిషి. అతను తిన్నగా చేపల వరసకు వెళ్ళాడు. మలుగుచేపల పుస్తకాల మధ్య చెయ్యి పెట్టి తడిమాడు. ఇంకోసారి తడిమాడు. తర్వాత టోపీ తీసి, నుదురు తుడుచుకుని, వరస వరసకూ తిరగడం మొదలుపెట్టాడు. అంకెలు చూడటం లేదు, రంగు చూస్తున్నాడు. వంటలు, తోటలు, పడవలు. కిటికీ దగ్గరకు వచ్చాక నీలం కనబడింది. తల పట్టి లాగాడు. విబెకెకి తన వెన్నే ఊడినట్టయింది. పుస్తకాన్ని పట్టుకుని చేపల దగ్గరకు తిరిగొచ్చి, మలుగుచేపల పెద్ద పుస్తకం తెరిచి, దాని లోపల నీలం పుస్తకం పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదవసాగాడు. ఒక పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. మళ్ళీ అదే పేజీ.

నా చేతులు కాదు. విబెకె లోపల ఎవరో గంట కొట్టినట్టు మొదట వినిపించింది అదే. నా చేతులు కాదు, నా తల బాగుంది, నాకేమీ లేదు! ఒక్క గుక్కెడు సంతోషం, అంతే. అది గొంతు దిగేలోపు కళ్ళు థోర్కిల్ మెడ మీద పడ్డాయి. చొక్కా కాలరు ఒకవైపు లోపలికి మడిచి ఉంది. కాఫీ పొడి. తాళంచెవులు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వెతికినంతసేపూ తన చేతులనే చూసుకుంది గాని, ఎదుటి కుర్చీ వైపు చూడనేలేదు.

"థోర్కిల్."

పెద్ద పుస్తకం చేతిలోంచి జారి కింద పడింది. నీలం పుస్తకాన్ని మాత్రం గుండెకు అదుముకున్నాడు.

"నా కోసమా చదువుతున్నావ్? నాలో ఏమైనా కనబడిందా?"

అవునని, జబ్బు నీదేనని అతనంటే బాగుండునని ఆమె కోరుకున్న క్షణం అదొక్కటే.

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావ్," అన్నాడు.

ఎక్కడో గోడలోని వేడినీళ్ళ గొట్టం టిక్కుటిక్కుమంటోంది.

"ఇంటికి తెచ్చుకోవచ్చుగా?"

"తెస్తే నీ కంప్యూటర్లో పడదూ?"

"అక్కడే కిటికీ దగ్గర నిలబడి చదువుకోవచ్చుగా?"

"కాఫీ మిషనుకి ఎదురుగానా? కాసేపట్లో యెప్పె పేపరుకొస్తాడు. మధ్యాహ్నానికి రేవంతా టముకేస్తాడు."

"పోనీ చదివాక దాని చోట పెట్టొచ్చుగా థోర్కిల్. ఇక్కడెందుకు పెట్టావ్?"

అతను అరచేతిలోకి చూసుకున్నాడు. సిరా అంకెలు చెమటకు అలుక్కుపోయాయి. "దాని చోటు దొరకదు. తీసేటప్పుడు తెలుస్తుంది. తీశాక ఎక్కణ్ణించి తీశానో పోతుంది. చేపలు ఎక్కడుంటాయో మాత్రం పోలేదు." ఆగి, గొంతు తగ్గించాడు. "ఇక్కడే పెడతాను విబెకె. రోజూ ఇక్కడే. మర్నాడొస్తే ఉండదు. అప్పుడు ఇదీ పోయిందిరా, చేపల చోటు కూడా పోయింది అనుకున్నాను."

"అయ్యో! తీసింది నేను. రోజూ తీసి దాని చోట పెట్టింది నేనే."

అతని ముఖం ఒక్కసారి వెలిగింది. "నువ్వా? అయితే నేను సరిగ్గానే పెట్టానన్నమాట! అయితే నాకేమీ లేదేమో కదా?"

అవును, నీకేమీ లేదు అని చెప్పడానికి విబెకె నోరు తెరిచింది. కోటు జేబులో తాళంచెవులు తొడకు ఆనుకుని ఉన్నాయి. తీయలేదు, వాటి మీద చెయ్యి మాత్రం వేసింది. అతను ఆ చెయ్యి చూశాడు. ముఖంలో దీపం మెల్లగా తగ్గిపోయింది.

"నువ్వే పెట్టుంటావు అన్నాను," అన్నాడు. "ఎవరు పెట్టారో నాకు నిజంగా తెలీదు. నువ్వైతే బాగుండు అనుకున్నాను. మొగుడనేవాడు అనుకోవాల్సిన మాటేనా అది?"

"నేనూ ఇందాక నిన్ను చూసి అలాంటిదే అనుకున్నాను, హమ్మయ్య నేను కాదులే అని," అంది విబెకె. "పద."

చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. వైద్యం వరసలో సందు అలాగే ఉంది. "ఈ ఒక్కదాన్నీ మందలోంచి గొర్రెని లాక్కుపోయినట్టు లాక్కుపోయి చదివావు. ఇందులో జబ్బు ఒక్కటే ఉంది. అందుకే ఆ పేజీ దాటలేకపోతున్నావు. ఇటు చూడు. ఎడమపక్కది, డాక్టరు దగ్గరకు వెళ్తే ఏమేం అడగాలో చెబుతుంది. కుడిపక్కది ఆ జబ్బు వచ్చినవాళ్ళే రాసుకున్నది. ఒకాయన వడ్రంగి, ఆ తర్వాత కూడా చాలాకాలం కుర్చీలు చేశాడట. దాని పక్కది నాలాంటివాళ్ళకి, ఇంట్లో ఉండేవాళ్ళకి."

థోర్కిల్ ఒక్కో వెన్ను మీదా వేలు పెట్టి చదివాడు. "ఇలా పక్కపక్కన ఎవరు పెట్టారు? నువ్వేనా?"

"నేను సర్దేదాన్నే. పెట్టినవాళ్ళు ఎప్పుడో ఎక్కడో ఉన్నారు. భయంతో వచ్చినవాడికి మొదటి ప్రశ్నే గాని రెండోది అడగడం రాదని వాళ్ళకి తెలుసు. అందుకని రెండోదాన్ని పక్కనే నిలబెట్టారు."

అక్కడే, ఒకదాని తర్వాత ఒకటి తీసి చూస్తూ ఉండిపోయారు. యెప్పె వచ్చాడు, రేవువాళ్ళు వచ్చారు. థోర్కిల్ వాళ్ళకు వీపు చూపించి నిలబడ్డాడు గాని కదల్లేదు. పదింటికి సిగ్నె తలుపు తోసుకుని వచ్చి, విబెకె చేతుల్లో నీలం పుస్తకం చూసి కోటైనా విప్పలేదు.

"విబెకె, నిన్ననే కదా అనుకున్నాం, ఈ వరసలు నువ్వు…"

చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట చెబితే తన పని తనకొస్తుంది, తన తల తనకొస్తుంది. విబెకె మొగుడి వైపు చూడకుండా, "అవును, అనుకున్నాం. తప్పే," అంది.

"తప్పు ఆమెది కాదు," అన్నాడు థోర్కిల్. ఇటు తిరిగి అందరికీ ఎదురుగా నిలబడ్డాడు. పడవ మీంచి ఒడ్డుకు కేకేసినట్టు కాస్త గట్టిగానే అన్నాడు. "చేపల్లో పెట్టింది నేను. ఆ ఆస్తి కాగితాల పుస్తకమూ నేనే. రోజూ నేనే."

పేపర్ల చప్పుడు ఆగిపోయింది. యెప్పె నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం వస్తుందోనని విబెకె ఊపిరి బిగబట్టింది. ఏమీ రాలేదు. మూసుకున్నాడు.

సిగ్నె చెవులు ఎర్రబడ్డాయి. "విబెకె, నేను నిన్న…"

"తర్వాత," అంది విబెకె.

ఈలోగా కర్ర టకటకలాడించుకుంటూ ఎడెల్ వచ్చింది, కార్డుని జెండాలా పట్టుకుని. "ఏదీ నా పుస్తకం? మళ్ళీ చేపలు పట్టడానికి పోలేదు కదా?"

విబెకె పుస్తకం అందించబోయింది. థోర్కిల్ దాన్ని తీసుకుని తనే ఎడెల్ చేతిలో పెట్టాడు. "నేనూ చదువుతున్నాను దీన్ని."

"ఎవరి కోసం?"

"నా కోసం."

ఎడెల్ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. చెవిటివాళ్ళు పెదాల్లోంచి మాట ఏరుకుంటారే, అలా చూసింది. "అయితే మా చెల్లెలి వెనక నిలబడు," అంది చివరికి, ఆ పెద్ద గొంతుతోనే. "ముందు మేము. నెలరోజులు ఇవ్వను, అడక్కు." వెళ్తూ వెళ్తూ అతని మోచేతిని ఒకసారి పట్టుకుని వదిలింది.

వైద్యం వరసలో మళ్ళీ సందు మిగిలింది. థోర్కిల్ దానివైపు తిరిగాడు. ఆ ఖాళీలో చెయ్యి పెట్టాడు, మణికట్టు దాకా. ఇటు పుస్తకమూ అటు పుస్తకమూ ఆ చేతిని చెరోపక్కా ఆనుకున్నాయి.

"విబెకె, దీని పక్కది నువ్వు తియ్యి," అన్నాడు. "నేను చెయ్యి తియ్యను. తీస్తే చోటు పోతుంది."